పైగడి కిందికి లాగితే

ఉద్యోగంలో చేరిన నాలుగో నెల. హైదరాబాద్‌లో 300 పడకల ఆసుపత్రి ఒకటి కడుతున్నారు. యజమాని తరఫున పని చూసుకునే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ కన్సల్టెంట్లం మేము, అంటే పీఎంసీ. నాకు అప్పగించింది రూమ్ డేటా షీట్. ఒక్కో గదికి ఒక్కో వరస. ఆ గదిలో గాలి గంటకు ఎన్నిసార్లు మారాలి, ఎంత వెలుతురుండాలి, ఎన్ని ఆక్సిజన్ పాయింట్లు, ఎన్ని ప్లగ్గులు, తలుపు వెడల్పెంత, నేల మీద ఏం వేయాలి, ఇలా నాలుగు వందల పైచిలుకు వరసలు.

బీటెక్‌లో స్ట్రక్చర్స్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఈ గుమాస్తా పని నాకెందుకని లోలోపల ఒక చిరాకు. ఒకరోజు భోజనాలయ్యాక, నిద్రమత్తులో, ప్రెజర్ అన్న కాలమ్‌లో పైగడిని మౌస్‌తో పట్టుకుని కిందికి లాగేశాను. అన్నిటికీ 'పాజిటివ్' అని వచ్చేసింది. చూడ్డానికి ఎంతో శుభ్రంగా ఉంది. ఆ వరసల్లో రెండు ఐసొలేషన్ గదులున్నాయి, టీబీ లాంటి గాలి ద్వారా అంటుకునే జబ్బులున్నవాళ్లను ఉంచేవి. వాటికి నెగెటివ్ ఉండాలి. తలుపు తీసినప్పుడు బయటి గాలి లోపలికి పోవాలే తప్ప లోపలి గాలి బయటికి రాకూడదు.

రెండు వారాల తర్వాత ఏసీ డిజైన్ చూసే పెద్దాయన ప్రింటవుట్ పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చారు.

"ఈ రెండు గదులకీ పాజిటివ్ అని ఎవరు రాశారయ్యా?"

"నేనే సార్. పైగడి కిందికి లాగాను."

"అంటే టీబీ పేషంటు దగ్గంతా కారిడార్‌లోకి తోసేశావన్నమాట," అని నవ్వారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఈ సంగతి చాలా ఏళ్లు ఎవరికీ చెప్పుకోలేదు. 2019లో ఎడిన్‌బరా వార్త చదివాక నాకు అర్థమైంది, ఇది నా ఒక్కడి నిద్రమత్తు కాదని. స్కాట్లాండ్ రాజధానిలో పిల్లల కోసం కొత్త ఆసుపత్రి కట్టారు. జులై 9న పాత భవనం నుంచి పిల్లలను తీసుకురావాలి. జులై 4న ఆరోగ్య మంత్రి ఆ తరలింపును ఆపేశారు. క్రిటికల్ కేర్ గదుల్లో గాలి గంటకు 10 సార్లు మారాల్సి ఉండగా, 4 సార్లు మారేలా కట్టారు. ఎక్కడ మొదలైందని తవ్వుకుంటూ పోతే 2012 నాటి ఒక స్ప్రెడ్‌షీట్ దగ్గర తేలింది. 10 ఉండాల్సిన చోట 4 పడింది. ఆ 4 అలాగే డిజైన్‌లోకి, కాంట్రాక్టులోకి, చివరికి డక్టుల్లోకి వెళ్లిపోయింది. భవనం అప్పగించిన ఫిబ్రవరి నుంచే ఆరోగ్య బోర్డు నెలకు దాదాపు 14 లక్షల పౌండ్లు కడుతూ వచ్చింది, ఒక్క బిడ్డ కూడా చేరని ఆసుపత్రికి. అది పూర్తిగా తెరుచుకునేసరికి 2021 మార్చి వచ్చింది. పైగా ఒక బహిరంగ విచారణ.

ఏడేళ్లలో ఆ షీటు ఎంతమంది పెద్ద ఇంజినీర్ల చేతుల్లో పడి ఉంటుందో ఆలోచించండి. అందరూ చూశారు. కానీ ఖాళీ గడి కంటికి తగిలినట్టు నిండిన గడి తగలదు. ఏదో అంకె ఉంది కదా, ఎవరో చూసే ఉంటారు కదా అనుకుంటాం. ఆ 'ఎవరో' కొత్తగా చేరిన కుర్రాడో అమ్మాయో అయి ఉండొచ్చన్న ఆలోచన రాదు.

మీరు ఈ రంగంలోకి వస్తే మొదటి రెండేళ్లూ మీ చేతికొచ్చేవి ఇవే. షీట్లు, మీటింగ్ మినిట్స్, డ్రాయింగ్ రిజిస్టరు, సరిచేయాల్సిన లోపాలు రాసే స్నాగ్ లిస్టు. గుమాస్తా పనిలాగే కనిపిస్తాయి. నాకూ అలాగే కనిపించింది. అందుకే ఈ అధ్యాయంలో ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో, టై ఏ రంగుదో చెప్పను. ఆ గుమాస్తా పనిని ఎలా చేయాలో మాత్రం చెబుతాను.

ఐసొలేషన్ గదుల సంగతి బయటపడిన రోజు నుంచి నా షీట్లన్నిటిలో ఒక కాలమ్ అదనంగా ఉంటుంది. దాని పేరు 'ఎక్కడిది'. ప్రతి అంకె పక్కనా అది ఎక్కడి నుంచి వచ్చిందో రాస్తాను. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో ఫలానా భాగం, ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే ఎన్ఏబీహెచ్ మార్గదర్శకం, మెషీన్ కంపెనీ ఇచ్చిన డ్రాయింగ్ ఫలానా రివిజన్, లేదా 'డాక్టరుగారు మంగళవారం మీటింగులో చెప్పారు'. ఆపరేషన్ థియేటర్‌కి గంటకు 20 సార్లు గాలి మారాలి, అందులో 4 సార్లు బయటి తాజా గాలి ఉండాలి అని రాస్తే, పక్కన ఆష్రే 170 అనే వెంటిలేషన్ ప్రమాణం పేరు ఉండాలి. ఆ కాలమ్‌లో ఏమీ రాయలేకపోతే అంకెకు పసుపు రంగు వేసి వదిలేయండి. మా టీములో మొదట్లో నవ్వారు, పెళ్లి కార్డులా ఉందన్నారు. షీటంతా పసుపే. రెండు నెలల్లో ఆ పసుపు తగ్గుతూ రావడమే మా ప్రోగ్రెస్ రిపోర్టయింది.

ఇంతకీ పీఎంసీ చేసే పనేమిటో మీ ఇంట్లో వాళ్లకి చెప్పాల్సి వస్తుంది. మా అమ్మ పక్కింటావిడతో "మావాడు ఆసుపత్రిలో పని చేస్తాడు" అనేది. ఆవిడ వెంటనే మోకాళ్ల నొప్పుల సంగతి ఎత్తేది. ఆర్కిటెక్ట్ గీస్తాడు, కాంట్రాక్టరు కడతాడు, యజమాని డబ్బిస్తాడు. ఈ ముగ్గురి మధ్యా కాలం, ఖర్చు, నాణ్యత జారిపోకుండా పట్టుకునేది మనం. పనుల పరిమాణాల పట్టిక బీవోక్యూ సరిచూడటం, కొలతల పుస్తకం ఎంబీలో రాసిన కొలతలకూ, పని జరిగేకొద్దీ పెట్టే ఆర్ఏ బిల్లుకూ పొంతన ఉందా అని చూడటం క్వాంటిటీ సర్వేయర్ పని. బ్రిటన్‌లో అది చార్టర్డ్ హోదా ఉన్న వృత్తి. మన దగ్గర చాలా ఆఫీసుల్లో 'బిల్లింగ్ ఇంజినీర్' అని పిలుస్తారు, ఒక మెట్టు కిందగా చూస్తారు. అది మన తెలివితక్కువతనం.

ఆసుపత్రుల పని కావాలంటే ప్రైవేటు కన్సల్టెన్సీలే కాదు, కేంద్ర ప్రభుత్వ రంగంలో 1983లో పుట్టి 2018లో ఎన్‌బీసీసీ చేతికి వెళ్లిన ఆసుపత్రుల కన్సల్టెన్సీ సంస్థ హెచ్‌ఎస్‌సీసీ ఉంది. రాష్ట్రాల్లో వైద్య మౌలిక వసతుల సంస్థలు ఏపీఎంఎస్ఐడీసీ, టీజీఎంఎస్ఐడీసీ ఉన్నాయి. వాటి టెండర్ కాగితాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఉద్యోగం రాకముందే ఒక ఆసుపత్రి టెండరు దించుకుని బీవోక్యూ మొత్తం చదవండి. కాలేజీలో నాలుగేళ్లలో వినని మాటలు వంద తగులుతాయి. ఇంకో మాట, ఇది నా పట్టుదల అనుకోండి: కుదిరితే మొదటి ఏడాది కాంట్రాక్టరు దగ్గర సైట్‌లో చేయండి. స్లాబ్ వేసే రాత్రి రెండింటికి కాంక్రీట్ లారీ రాకపోతే మేస్త్రి ముఖం ఎలా ఉంటుందో చూసినవాడు, తర్వాత కన్సల్టెంటుగా ఉత్తరం రాసేటప్పుడు కాస్త మనిషిలా రాస్తాడు.

ఇక ఆసుపత్రి కట్టడంలో అపార్ట్‌మెంట్ కట్టడంలో లేని తలనొప్పి ఒకటుంది. మెషీన్లు. ఎంఆర్ఐ అయస్కాంతం టన్నుల బరువుంటుంది. అది లారీ దిగిన చోటు నుంచి గదిలోకి వెళ్లే దారంతా ఆ బరువు మోయాలి. చాలాసార్లు అది లోపలికి వెళ్లాకే ఆ గది గోడ కడతారు. గది చుట్టూ రాగి రేకు తొడగాలి, లేకపోతే బయటి రేడియో తరంగాలు బొమ్మను పాడుచేస్తాయి. లోపలి హీలియం ఒక్కసారిగా ఆవిరైతే బయటికి పోవడానికి పెద్ద గొట్టం పైకప్పు మీదుగా తీసుకెళ్లాలి. దాని నోరు ఎవరూ తిరగని చోట ఉండాలి. క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చే లీనియర్ యాక్సిలరేటర్ బంకరైతే కొన్ని చోట్ల కాంక్రీట్ గోడ రెండు మీటర్ల మందం దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ వస్తుంది. దాని లేఅవుట్‌ను ముందే అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ, ఆమోదించాలి. ఎక్స్‌రే, సీటీ కూడా ఏఈఆర్‌బీ కిందికే వస్తాయి. ఎంఆర్ఐలో అలాంటి రేడియేషన్ లేదు కాబట్టి రాదు. ఈ తేడా తెలియక ఎంఆర్ఐకి ఏఈఆర్‌బీ అనుమతి ఎప్పుడొస్తుందని అందరి ముందూ అడిగిన కొత్తవాళ్లను చూశాను.

గొడవేమిటంటే, ఏ కంపెనీ మెషీన్ కొనాలో డాక్టర్లూ యాజమాన్యమూ చివరిదాకా తేల్చరు. బేరం కదా, ఎంత ఆగితే అంత తగ్గుతుందని వాళ్ల లెక్క. స్లాబ్ మాత్రం ఆగదు. ఇక్కడ కొత్తగా చేరినవాళ్లు చేయగలిగిన గొప్ప పని ఒకటుంది, వెనక్కి లెక్కపెట్టడం. ఆ స్లాబ్ మార్చి 20న వేయాలనుకోండి. షట్టరింగ్, రాడ్ కట్టడం మూడు వారాలు. అంటే ఫిబ్రవరి 27కి పని మొదలవ్వాలి. దానికి రెండు వారాల ముందు, ఫిబ్రవరి 13కి, సైట్‌లో కట్టడానికి ఖరారైన జీఎఫ్‌సీ డ్రాయింగ్ ఉండాలి. కంపెనీ ఇచ్చే బరువులూ రంధ్రాలూ చూసి స్ట్రక్చరల్ ఇంజినీర్ దాన్ని తయారు చేయడానికి మూడు వారాలు. అంటే మెషీన్ ఏదో జనవరి 23కి తేలాలి. యజమాని "సంక్రాంతి అయ్యాక మాట్లాడదాం" అంటే మిగిలేది వారం. ఈ నాలుగు తేదీలూ ఒక చిన్న కాగితం మీద రాసి డిసెంబరులోనే ఆయన ముందు పెట్టండి. మీ వయసు ఇరవై రెండే కావచ్చు, ఆ కాగితాన్ని పక్కన పెట్టడం ఆయనకు కష్టం.

డాక్టర్లతో మీటింగులుంటాయి. వాళ్లు చెబుతారు, మనం రాసుకుంటాం. వెనక వరసలో ఒక సిస్టర్ కూర్చుని ఉంటుంది, ఏమీ మాట్లాడదు. ఆవిడను మాట్లాడించగలిగితే మీ ఉద్యోగం సగం నేర్చుకున్నట్టే. ఒకసారి ఐసీయూ డ్రాయింగ్ అందరూ ఒప్పుకున్నాక, సంతకాలయ్యాక, అలాంటి ఒక సిస్టర్‌ని సైట్‌కి రమ్మన్నాం. స్లాబ్ మీద సుద్దముక్కతో గదిని అసలు కొలతల్లో గీశాం. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు కలిపితే మంచం, సిమెంటు బస్తా వెంటిలేటరు. ఆవిడ వచ్చి చుట్టూ తిరిగింది. "బాబూ, చేతులు కడుక్కునే సింకు ఎక్కడ?" అంది. చూపించాను. "ఈ బస్తా నిజంగా వెంటిలేటరైతే దాని వైర్లు దాటుకుని రావాలి నేను. రాత్రి మూడింటికి ఎవరు దాటుతారు? కడుక్కోకుండానే పక్క బెడ్‌కి పోతారు," అంది. సింకును మూడడుగులు పక్కకు జరిపాం. ఖర్చు ఒక సుద్దముక్క. అదే పైపులు వేసి టైల్స్ అంటించాకైతే పగలగొట్టడమే.

మినిట్స్ రాయడం కూడా ఈ రంగంలో ఒక విద్య. 'ఓటీ లైట్ల గురించి చర్చించారు' అని రాస్తే అది చరిత్ర. 'ఓటీ లైట్ల బరువు, బిగించే ప్లేటు డ్రాయింగ్‌ను సరఫరాదారు 12వ తేదీకి ఆర్కిటెక్ట్‌కి ఇవ్వాలి' అంటే అది పని. ఒక్కో వాక్యానికీ ఒక మనిషి, ఒక తేదీ. అదే రోజు సాయంత్రానికి పంపేయండి. మూడు రోజులాగితే ఎవరి జ్ఞాపకం వాళ్లదవుతుంది.

మన మీటింగుల్లో వినిపించే భాషకు వేరే నిఘంటువుంది, అది ఏ కోర్సులోనూ చెప్పరు. "చూద్దాం సార్" అంటే చేయరని. "అయిపోయినట్టే సార్" అంటే ఇంకా మొదలుపెట్టలేదని. "తొంభై శాతం అయిపోయింది" అంటే మిగిలిన పదికి మూడు నెలలు పడుతుందని. "మెటీరియల్ దారిలో ఉంది" అంటే ఒక్కోసారి నిజంగానే దారిలో ఉంటుంది, ఒక్కోసారి ఆర్డరే ఇచ్చి ఉండరు. గొంతు పెంచకుండా, "లారీ రసీదు కాపీ పంపిస్తారా అన్నా, ఫైల్లో పెట్టుకుంటాను" అనండి. ఆ ఒక్క మాటతో దారిలో ఉన్నదేదో లేనిదేదో తేలిపోతుంది. వయసులో పెద్దవాళ్లను నిలదీయడం మనకు రాదు, వచ్చినా బాగోదు. కాగితం అడగడం మాత్రం ఎవరికీ తప్పనిపించదు.

నడుస్తున్న ఆసుపత్రిలో పని పడితే ఇంకో లోకం. పక్క గోడ అవతల కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లుంటారు. గోడ కొడితే లేచే దుమ్ములో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు బీజాలుంటాయి. మనకేం కాదు, వాళ్ల ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదికొస్తుంది. అందుకే ముందు నేల నుంచి పై స్లాబ్ దాకా అడ్డు కట్టాలి. ఫాల్స్ సీలింగ్ దాకా కట్టి వదిలేస్తారు చూడండి, ఆ మోసం పట్టుకోవడం మీ పని. లోపలి గాలిని ఫిల్టర్ గుండా లాగే మెషీన్ పెట్టాలి. శిథిలాలను మూతపెట్టిన తొట్లలో పేషంట్లు వాడని దారిన దింపాలి. ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు సంతకం లేకుండా సుత్తి ఎత్తకూడదు.

గ్యాస్ పైపుల సంగతికొస్తే, సిడ్నీలో ఒక ఆసుపత్రిలో 2016లో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ వెన్ను జలదరిస్తుంది. ఆక్సిజన్ అని రాసి ఉన్న పాయింటు నుంచి నైట్రస్ ఆక్సైడ్ వచ్చింది. పైపులు తారుమారయ్యాయి. ఒక పసికందు చనిపోయింది, ఇంకో బిడ్డ మెదడు దెబ్బతింది. గ్యాస్ లైన్లు పరీక్షించేటప్పుడు ఒకసారికి ఒక్క గ్యాసే వదిలి, ప్రతి పాయింటు దగ్గరా అది తప్ప ఇంకేదీ రావడం లేదని ఎనలైజర్ పెట్టి చూడాలి. వందల పాయింట్లుంటాయి, విసుగొస్తుంది, సాయంత్రమవుతుంది. "మిగతావి చూసేశాం, సంతకం పెట్టేయండి సార్" అంటారు. పెట్టకండి. కొత్తవాడివి, నీకేం తెలుసంటే తెలియదనే చెప్పండి, రేపు పొద్దున మళ్లీ వస్తాననండి.

2011 డిసెంబరులో కోల్‌కతాలో ఒక పెద్ద ఆసుపత్రి బేస్‌మెంట్‌లో మంటలు లేచాయి. కార్లుండాల్సిన చోట సామాను నింపారు. పొగ పై అంతస్తులకు పాకి దాదాపు 90 మంది చనిపోయారు, చాలామంది మంచం మీంచి లేవలేని రోగులు. పొగ అలా పాకకుండా ఒక్కో అంతస్తు దగ్గరా డక్టులూ కేబుళ్లూ వెళ్లే రంధ్రాలు మంటకు ఆగే సామానుతో మూసి ఉన్నాయా లేదా అన్నది ఫాల్స్ సీలింగ్ వేశాక ఎవరికీ కనిపించదు. ఒక్కో షాఫ్ట్‌నూ సీలింగ్ మూయకముందే ఫోటో తీసి, అంతస్తూ గ్రిడ్ నంబరూ రాసి దాచండి. ఆ ఫోటోల ఫోల్డరును ఎవరూ మెచ్చుకోరు.

సర్టిఫికెట్ల గురించి అందరూ అడుగుతారు కాబట్టి నాలుగు మాటలు. పీఎంపీ అనే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్‌కి డిగ్రీ తర్వాత 36 నెలల ప్రాజెక్ట్ అనుభవం కావాలి, కాలేజీ అయిపోగానే రాయిస్తామనే కోచింగ్ ప్రకటనలను నమ్మకండి. దాని బదులు, పీఎంపీ ఇచ్చే సంస్థదే, కొత్తవాళ్ల కోసం సీఏపీఎం ఉంది. నిర్మాణ నిర్వహణ కోర్సులకైతే శామీర్‌పేట దగ్గర నిక్మార్ క్యాంపస్ మన పిల్లలకు తెలిసినదే. బ్రిటన్‌లో మాస్టర్స్‌కి వెళ్లేవాళ్లు చార్టర్డ్ హోదా ఇచ్చే సర్వేయర్ల సంస్థ ఆర్ఐసీఎస్ పెట్టే ఏపీసీ అనే పరీక్ష గురించి వింటారు. గుర్తింపు ఉన్న డిగ్రీతో చేరితే సాధారణంగా 24 నెలల శిక్షణ, ఆ తర్వాత గంట ఇంటర్వ్యూ. ఆ గంటలో అడిగేది పుస్తకంలోది కాదు. మీరేం చేశారు, ఎందుకలా చేశారు అని. డైరీ రాసుకోనివాళ్లు అక్కడ తడబడతారు. అక్కడి ఆసుపత్రుల ప్రమాణాలు, హెచ్‌టీఎం, హెచ్‌బీఎన్ అనేవి, ఉచితంగా దించుకోవచ్చు. వీసా రాకముందే ఇక్కడ కూర్చుని గాలికి సంబంధించిన 03-01 చదివితే ఎడిన్‌బరాలో ఏం తప్పిపోయిందో మీకే అర్థమవుతుంది.

మా ఆసుపత్రి అప్పగించే వారం ఆ ఏసీ పెద్దాయన నన్ను నాలుగో అంతస్తుకి తీసుకెళ్లారు. నేను పాజిటివ్ అని రాసిన ఐసొలేషన్ గదుల దగ్గరికే. జేబులోంచి ఒక టిష్యూ కాగితం తీసి, సన్నగా చింపి నా చేతికిచ్చారు. "తలుపు మూసి, కింద సందు దగ్గర పట్టుకో," అన్నారు. మోకాళ్ల మీద కూర్చుని పట్టుకున్నాను. కాగితం కొస మెల్లగా లోపలికి వంగి, తలుపు కిందికి దూరిపోయింది.

రెండో గది దగ్గర కదల్లేదు. స్నాగ్ లిస్టులో రాసుకున్నాను.